పెద్దక్క ఏం చూస్తోందో టీవీకి తెలుసు

ఇంట్లో మన ఇష్టాయిష్టాలు పట్టించుకునేది టీవీ ఒక్కటే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. టీవీ మనల్ని గమనిస్తోందనీ, మనం చూసేవన్నీ ఎవరికో చేరవేస్తోందనీ, ప్రైవసీ గంగలో కలిసిపోయిందనీ గోలపెట్టేవాళ్ళని ఒక్కటే అడుగుతాను. అయ్యా, మీ ఇంట్లో మీరేం చూస్తున్నారో గమనించే మనిషి ఇంకెవరైనా ఉన్నారా?

మా పెద్దక్క సంగతి చెబుతాను, వినండి.

పెద్దక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయింది. బావగారికి కళ్ళద్దాల షాపు. ఊరందరి చూపూ సరిచేసే మనిషే గానీ, ఇంట్లో రిమోట్ మాత్రం ఆయన చేతిలోంచి కదిలేది కాదు. కేబుల్ ఉన్నన్నాళ్ళూ ఆయన చూసే వార్తలే అక్కా చూసింది. చూసింది అంటే, కూరగాయలు తరుగుతూ ఆ గదిలో కూర్చుంది.

ఓ రోజు కేబుల్ ఆపరేటర్‌తో మాటా మాటా పెరిగి, బావగారు కనెక్షన్ పీకించేశారు. ఆకాశంలో ఉచితంగా వచ్చేదానికి ఒకడి కాళ్ళు పట్టుకోవడమేమిటని డాబా మీద యాంటెన్నా నిలబెట్టారు. గాలి వీస్తే బొమ్మ పోయేది. పైనుంచి ఆయన "వచ్చిందా?" అనడం, కిందనుంచి అక్క "వచ్చింది, ఆగండి, పోయింది" అనడం. రిటైరైన మనిషికి మళ్ళీ పాత ఉద్యోగం వచ్చినట్టయింది.

ఆ అరుపులు భరించలేక కోడలు ఇంటర్నెట్ టీవీ కొనిపించింది. బావగారు షాపుకీ, కొడుకూ కోడలూ ఆఫీసులకీ వెళ్ళాక, మధ్యాహ్నాలు రిమోట్ అక్క వశమైంది. కొత్త కూర ఏదైనా చేద్దామని వెతుకుతుంటే తెర మీద ఓ ఈతకొలను కనిపించింది. తన వయసావిడే ఒకావిడ గట్టు పట్టుకుని కాళ్ళు ఆడిస్తూ, నీళ్ళలో మొహం పెట్టి ఊపిరి వదలడం నేర్చుకుంటోంది. పొయ్యి మీద కూర మాడేదాకా అక్క అక్కణ్ణుంచి కదల్లేదు. మర్నాడు ఇంకో పాఠం, ఆ మర్నాడు మరోటి. తలుపు గడియ వేసి, సోఫా మీద బోర్లా పడుకుని కాళ్ళు ఆడించి కూడా చూసింది. ఈ ముక్క తను నాకొక్కడికే చెప్పింది, మీరెవరితోనూ అనకండి.

సాయంత్రం అందరూ వచ్చేసరికి టీవీ కట్టేసి, ఏమీ ఎరగనట్టు కూర్చునేది.

ఓ ఆదివారం కోడలి అమ్మానాన్నలు వచ్చారు. బావగారు దర్జాగా కొత్త టీవీ పెట్టారు. తెరనిండా ఈత దుస్తుల్లో ఆడవాళ్ళు. పైన పెద్ద అక్షరాలతో "మీకు బాగా నచ్చినవి".

వియ్యపురాలు కిటికీ వైపు తిరిగింది. వియ్యంకుడు తిరగలేదు.

"నేను కాదు," అన్నారు బావగారు, ఎవరూ ఏమీ అడక్కుండానే. దాంతో అందరూ ఆయన వైపే చూశారు. కంగారులో ఏ మీటో నొక్కితే ఇంకో వరస వచ్చింది. దాన్నిండా కూడా వాళ్ళే.

"ఇది ఎవరింటి బొమ్మలో మనకి చూపిస్తోంది. రేపే తిప్పి పంపించేస్తాను," అన్నారు.

అక్క నోరు మెదపకపోతే టీవీ వెనక్కి పోతుంది, మొగుడి పరువు వియ్యాలవారి ఎదుట పోతుంది, తన గుట్టు మాత్రం దక్కుతుంది. అబద్ధమెందుకు, అక్కకి ఓ క్షణం ఆ బేరం బాగానే ఉందనిపించింది. అంతలో బావగారు ఆమె వైపు చూశారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ కళ్ళల్లో బతిమాలుకోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"చూస్తోంది నేనే. ఈత నేర్చుకోవాలనుంది," అంది.

"నీకా? ఎప్పట్నుంచీ?" అన్నాడు కొడుకు.

"చిన్నప్పట్నుంచీ."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎవరడిగార్రా?"

కోడలు నవ్వు ఆపుకుంటూ, "పోన్లెండి అత్తయ్యా, టీవీ అయినా అడిగింది," అంది.

"అడగలేదమ్మా. చాటుగా చూసి నలుగురిలో చెప్పేసింది. ఎక్స్ఛేంజిలో ఎవరెవరి గొడవలో మా చెవిన పడేవి. ఒక్క మాట గడప దాటనిచ్చామా?"

ఆ వారంలోనే కోడలు ఆమెని కొలనుకి తీసుకెళ్ళింది. మొదటిరోజు బావగారు షాపు మూసి, తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. అక్క బోలెడు నీళ్ళు మింగింది, దగ్గింది, మెట్లెక్కి వచ్చేసింది, మళ్ళీ దిగింది. ఇప్పుడు గట్టు వదిలేసి అవతలి ఒడ్డుకి వెళ్ళగలదు. టీవీకి ఇచ్చింది బావగారి నంబరే కావడంతో, ఈత దుస్తుల ప్రకటనలు మాత్రం ఆయన ఫోనుకి వస్తున్నాయి. షాపులో ఎవరైనా తొంగిచూస్తే ఆయనకి చచ్చినంత పని అవుతోంది.

చూశారా, టీవీ ఎంత మేలు చేసిందో! కట్టుకున్నవాడికీ కన్నకొడుక్కీ ఇన్నేళ్ళూ పట్టని సంగతి, అది వచ్చీ రాగానే పట్టేసింది. పట్టింది ఏదో అమ్ముకోవడానికే, నిజమే. కానీ అమ్ముకునేవాడికున్న పాటి శ్రద్ధ మనకి లేకపోయిందేం?

మొన్న సాయంత్రం బావగారు అక్క పక్కన కూర్చుని, గొంతు సవరించుకుని, "నీకింకా ఏమైనా చెయ్యాలని ఉందా?" అని అడిగారు.

అక్క టీవీ వైపు చూసింది.

"ఉంది. చెబుతాను. ముందు వెళ్ళి ఆ టీవీ ప్లగ్గు పీకి రండి."