నూకాలు బొరియలో నాలుగు కాపురాలు

ఒక పెద్ద అడవిలో, ఈమధ్య చెట్లకంటే చెట్లకు కట్టిన ఫ్లెక్సీలే ఎక్కువైపోయిన అడవిలో, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ఉండేది. ప్రతి ఫ్లెక్సీ మీదా ఆ కాలేజీ చైర్మన్ మొసలి మకరందరావుగారి బొమ్మే. పెద్ద నోరు, నోటినిండా పళ్ళు. నవ్వుతున్నారో ఆకలేస్తోందో తెలిసేది కాదు.

పదో తరగతి దాకా అయితే వాగు ఒడ్డున సర్కారు బడి ఉంది. తాబేలు మాస్టారు నెమ్మదిగానైనా నేర్పేవాడు. పది దాటాక ఇంటరు చదవాలంటే మాత్రం మకరందరావుగారి కాలేజీకే పోవాలి. అందులోనూ వైద్యం గ్రూపంటే మరీ గిరాకీ. ఆ ఫీజు మాట వింటే బాగా బలిసిన అడవిపందికి కూడా ఒళ్ళు సగమయ్యేది.

ఆ అడవిలోనే నూకాలు అని ఒక ముళ్ళపంది, దాని కూతురు పైడి. తండ్రి లేడు. గట్టు కింద చిన్న బొరియ, పైన ఒక కన్నం, వాన పడితే ఆ కన్నంలోంచి ధార. పైడి పదో తరగతిలో తాబేలు మాస్టారు చేత శభాష్ అనిపించుకుంది.

"ఇంక చాల్లేవే, నాతోపాటు దుంపలు తవ్వుకుందువుగాని" అంది తల్లి.

"నేను వైద్యం చదువుతానమ్మా" అంది పైడి.

"మనకెందుకే అంత చదువు?"

"మన ముళ్ళు గుచ్చుకున్న ప్రతివాళ్ళూ నిన్ను తిట్టుకుంటూ పోతారుగా. వాటిని నొప్పి లేకుండా తీసే విద్య ఉందటమ్మా. అది నేర్చుకుంటే, తిట్టేవాళ్ళే మన గుమ్మం ముందు కూర్చుంటారు."

ఈ బుర్ర దీనికెక్కడిదా అనుకుంది నూకాలు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఏనుగు జమీందారుగారికి దయ కలిగింది. దయ ఆయనకు ఒంటికి తగ్గట్టే ఉండేది, చూపే కాస్త ఆనేది కాదు. "నిజమైన బీదపిల్లలు ముగ్గురికి వైద్యం గ్రూపులో సీట్లు నా ఖర్చుతో" అని ప్రకటించాడు. మకరందరావుగారు ఆ సభలోనే కన్నీరు పెట్టుకున్నారు. ఆయనకు బీదల మాటెత్తితే చాలు, కళ్ళు చెమ్మగిల్లేవి. మనసు మెత్తనని కొందరు, ఆ జాతి కళ్ళే అంతని కొందరు.

"ఎవరు బీదో ఎవరు కాదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు ఏనుగు.

"ఇంటికి వెళ్ళి చూడ్డమేనండి. ఇల్లే చెబుతుంది" అన్నారు మకరందరావుగారు.

ఇళ్ళు చూసే పని కొంగ సన్యాసిరావుగారికి అప్పజెప్పారు. ఆయన ఒంటికాలి మీద నిలబడి ఎంతసేపైనా కదలకుండా ఉండగలడు. నిజాయితీపరుడని అంతా అనేవారు. కదలకపోతే నిజాయితీ ఉన్నట్టేనట.

మర్నాడు పొద్దున్నే నూకాలు గుమ్మం ముందు చిరుతపులి నిలబడింది. నూకాలుకు ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"అబ్బే, భయపడకు నూకాలమ్మక్కా" అన్నాడు చిరుత. అక్కా అన్నాడు! పుట్టి బుద్ధెరిగాక ఆయన దాన్ని ఒసేయ్ తప్ప అనలేదు. "ఒక్క పూట మీ బొరియ ఇవ్వాలి. మా వాడి సీటు కోసం సన్యాసిరావు వస్తున్నాడు. మా గుహలో చలవరాతి బండలు, లేడితోళ్ళ పరుపులు. అవి చూపిస్తే బాగుండదుగా."

"మా పిల్ల కూడా అర్జీ పెట్టింది బాబూ..."

"పెట్టుకోనీ. సీట్లు మూడు. మా వాడికి ఒకటి పోతే ఇంకా రెండుంటాయి. లెక్క రాదా ఏమిటి?" అని నవ్వాడు. నవ్వులో కోరలు కనిపించాయి.

నూకాలు ఒప్పుకుంది. కోరలకు భయపడిందో, అక్కా అన్నందుకు కరిగిందో దానికే తెలియదు.

"వాళ్ళకి అంత పెద్ద గుహ ఉందిగా అమ్మా?" అంది పైడి.

"పెద్దవాళ్ళే. మరి వాళ్ళకేం కష్టమొచ్చిందో. మనింటికొచ్చి అడిగారంటే మనకి గౌరవమే కదే."

చిరుత కాపురం బొరియలో దిగింది. నూకాలునీ పైడినీ బయట పొద దగ్గర నిలబెట్టారు. సన్యాసిరావుగారు వచ్చారు.

"నిన్న ఏం తిన్నారు?"

"గాలండీ" అన్నాడు చిరుత. మీసానికి ఇంకా లేడి వెంట్రుక అంటుకుని ఉంది.

సన్యాసిరావుగారు 'గాలి' అని రాసుకున్నారు.

"ఇల్లు సొంతమా?"

"అంత అదృష్టమా! అద్దెకుంటున్నాం. అదిగో, ఆ పొద దగ్గరున్నదే ఇంటావిడ. ఇల్లు కురుస్తోందమ్మా అంటే వినిపించుకోదు" అన్నాడు చిరుత, ఇంకాస్త బీదగా కనబడాలని.

కొంగ నూకాలు వైపు మెడ తిప్పి చూసింది. నూకాలు పెద్దవారు కదా అని నమస్కారం పెట్టింది.

ఈ సంగతి ఎలుగుబంటి చెవిన పడింది. తేనె వ్యాపారం చేసేవాడు, ఎక్కడ చవకగా ఏది దొరుకుతుందో పసిగట్టడం అతనికి అలవాటే. "చిరుతకిచ్చి నాకివ్వవా? అంటే నేను తక్కువ బీదవాణ్ణా?" అని తగువుకొచ్చాడు. నూకాలు పక్కకు తప్పుకుని దారిచ్చింది.

ఎలుగుబంటి బొరియలోకి దూరబోయి నడుం దగ్గర ఇరుక్కుపోయాడు. ముందు సగం లోపల, వెనక సగం బయట. అప్పుడే సన్యాసిరావుగారు వచ్చారు. చేసేదేముంది, వెనక సగాన్నే ప్రశ్నలడిగారు.

"ఇల్లు మరీ ఇరుకా?"

"మీరే చూస్తున్నారుగా బాబూ!" అని లోపలినుంచి ఏడుపు. ఆ ఏడుపు మాత్రం నిజమే, ఊపిరాడక.

"కదలడానికి కూడా చోటులేని దుర్భర పరిస్థితి" అని సన్యాసిరావుగారు రాసుకున్నారు. ఎలుగుబంటిని లాగేసరికి బొరియ గుమ్మం సగం ఊడొచ్చింది. ఇతను కూడా ఇంటావిడ అంటూ నూకాలునే చూపించాడు, గుమ్మం బాగు చేయించదని ఫిర్యాదు కూడా చేశాడు.

చివరకు నెమలి వచ్చాడు. ఈయన కళాభిమాని. చిరుతలాగా బెదిరించలేదు, ఎలుగులాగా తగువాడలేదు. బొరియంతా కలియజూసి, "ఆహా! ఈ కన్నం! ఈ చెమ్మ! ఈ మసి! నూకాలమ్మా, నీ దగ్గర ఎంత ఐశ్వర్యం పెట్టుకున్నావో నీకు తెలియడం లేదు" అన్నాడు. తోకను మూడు మడతలు పెట్టి, తీగతో కట్టి, మీద ఎండుటాకులు కప్పుకుని కూర్చున్నాడు.

"ఈ కన్నంలోంచి చుక్కలు కనిపిస్తాయండీ. ఆ చుక్కల వెలుగులోనే మా అబ్బాయి చదివాడు. వానాకాలంలో చుక్కలుండవు. అప్పుడు వాడు గుర్తున్నదే మళ్ళీ మళ్ళీ చదువుకునేవాడు" అంటూ గొంతు బొంగురు చేసుకున్నాడు.

సన్యాసిరావుగారు రెండో కాలు కూడా కింద పెట్టేశారు. "ఇంత చక్కటి బీదతనం నా సర్వీసులో చూడలేదు" అని ముక్కు తుడుచుకున్నారు.

చుక్కల వెలుగులో చదివింది నిజానికి పైడి. అది పొద దగ్గర నిలబడి తన కథే వేరొకరి నోట వింటోంది. బాగా చెప్పాడనే అనిపించింది దానికి కూడా.

ఇక అసలు వాళ్ళ వంతు వచ్చింది. నూకాలు ఆ పొద్దున ఊడిన గుమ్మం మట్టితో మెత్తింది. నేలంతా అలికింది. పెద్దమనిషి కూర్చున్నప్పుడు నెత్తిన చుక్క పడకూడదని పై కన్నానికి ఆకులు దట్టించింది. పైడి ముళ్ళు ఒక్కొక్కటీ తుడిచి నిలబెట్టింది. ఇంటికి ఎవరైనా వస్తుంటే ఆ మాత్రం చెయ్యమా?

సన్యాసిరావుగారు వచ్చి మెడ నాలుగువైపులా తిప్పారు.

"ఈ ఇల్లు నేను ఇదివరకే చూశాను."

"అవునండి. మూడుసార్లు చూశారు."

"మీ సొంతమేనా?"

"మాదేనండి. మా అత్తగారు తవ్వింది."

"మూడు కుటుంబాలకు ఇచ్చిన మాట నిజమేనా?"

నూకాలుకు అబద్ధం చెప్పడం అలవాటు లేదు. "ఇచ్చానండి. కాదనలేకపోయాను."

"మరి, ఇక్కడ ఒక కన్నం ఉండాలే?"

"మీరొస్తున్నారని మూసేశానండి."

"అంటే, అద్దెవాళ్ళు ఏడ్చినప్పుడు మూయలేదు. వాళ్ళు పోగానే ఇల్లు బాగు చేయించుకున్నారు" అంటూ రాసుకుంటూ పోయారు ఆయన. "సొంత ఇల్లు. మూడు అద్దె కాపురాలు. ఈమధ్యే మరమ్మతులు. బీదతనం ఆనవాళ్ళు లేవు."

పైడి ముందుకొచ్చింది. "సార్, నేను ఎందుకు చదవాలనుకుంటున్నానో ఒక్కసారి అడగండి సార్."

"ఆ ప్రశ్న నాకిచ్చిన వాటిలో లేదమ్మా."

"అయ్యా, మీరు కళ్ళారా చూసిందే కదండీ, వాళ్ళు చిరుత, ఎలుగు, నెమలి. మేము ముళ్ళపందులం. ఈ బొరియ ఎవరికి సరిపోతుందో మీకు తెలియదా?" అంది నూకాలు.

సన్యాసిరావుగారు కాస్త ఇబ్బందిపడ్డారు. ఒక కాలు దించి, ఇంకో కాలు ఎత్తారు. "చూసింది రాయడమే నా పనమ్మా. ఆలోచించడం పైవాళ్ళ పని."

పైవాళ్ళు ఆ పని కిందివాళ్ళే చేసుంటారనుకున్నారు. సీట్లు మూడూ చిరుత పిల్లకూ, ఎలుగు పిల్లకూ, నెమలి పిల్లకూ వెళ్ళాయి. పైడి ఆ రోజు దుంపలు తినలేదు. తల్లి ఎంత అడిగినా ఆకలి లేదనే అంది.

కథ ఇక్కడే ఆగిపోయుంటే ఆ ముగ్గురూ సుఖంగా ఉండేవారు. కానీ ఏనుగుగారి దయ ఆగేది కాదు. సన్యాసిరావుగారు రాసింది ఎవరిచేతో చదివించుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఒక్క బొరియలో మూడు కాపురాలా! గాలి తిని బతుకుతున్నారా! అలాంటి పిల్లల్ని ఉన్నట్టుండి చల్లటి హాస్టల్ గదుల్లో పెడితే బెంగపెట్టుకోరూ? మాంసం పెడితే అరగక జబ్బుపడరూ?

"వాళ్ళకి అలవాటైనవే ఇవ్వండి" అని ఆజ్ఞాపించాడు. "ఇంట్లో ఉన్నట్టే ఉండాలి."

కాలేజీ వెనకాల సరిగ్గా నూకాలు బొరియలాంటి బొరియ తవ్వించారు. పైన కన్నం కూడా అచ్చం అలాగే. ముగ్గురు పిల్లల్నీ అందులో పెట్టారు. పూటకో దుంప. చిరుత పిల్ల దుంపను చూసి మూర్ఛపోయింది. ఎలుగు పిల్ల దూరుతూ ఇరుక్కుంది, తండ్రిలాగే. నెమలి పిల్లవాడు తోక బయటపెట్టి పడుకుంటే వాన, లోపల పెట్టుకుంటే మిగతా ఇద్దరూ దానిమీదే పడుకునేవారు. చుక్కలైతే బాగానే కనిపించాయి.

తండ్రులు ముగ్గురూ మకరందరావుగారి దగ్గరకు పరుగెత్తారు.

"ఏం, సౌకర్యాలు చాలలేదా? ఇంట్లో ఇంతకంటే ఉన్నాయా?" అని అడిగారు ఆయన.

ఉన్నాయంటే దొంగలవుతారు. లేవంటే పిల్లలు చస్తారు. ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, "అంతా బాగుందండి" అని బయటికొచ్చారు. వారం తిరక్కుండానే పిల్లలు ముగ్గురూ కన్నంలోంచే దూకి పారిపోయారు.

మకరందరావుగారు వెంటనే కొత్త ఫ్లెక్సీ కట్టించారు. 'ఉచితంగా ఇచ్చినా బీదలకు చదువుమీద శ్రద్ధ లేదు!' కింద ఆయన బొమ్మ, కంట నీటి చుక్కతో.

ఏనుగుకు మళ్ళీ బాధ కలిగింది. "ఆ బీదలకు నీడనిచ్చిన ఇల్లాలు ఒకావిడ ఉందన్నారే? ఆవిణ్ణయినా గౌరవిద్దాం" అన్నాడు. కాలేజీ వార్షికోత్సవానికి నూకాలును పిలిచి, స్టేజీ మీద ఏనుగు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వెంట వచ్చిన పైడి వెనక వరసలో నిలబడింది. ముందు వరసలో చిరుత, ఎలుగు, నెమలి. చప్పట్లు గట్టిగా కొట్టింది వాళ్ళే.

"రెండు మాటలు చెప్పండమ్మా" అన్నారు మకరందరావుగారు.

నూకాలు లేచి నిలబడింది. "నాకు మాటలు రావండి. ఆ మూడు సీట్లూ ఖాళీగానే ఉన్నాయి కదా. ఒక్కటి మా పిల్లకివ్వండి. మీకు పుణ్యముంటుంది."

మకరందరావుగారి కళ్ళు చెమ్మగిల్లాయి.

"అమ్మా, మీరు దాతలు. రేపు మీ బిడ్డకే ఉచిత సీటిస్తే లోకం ఏమంటుంది? కాలేజీ పరువేం కాను? మీలాంటి పెద్దలు ఇలాంటివి అడగకూడదు" అంటూ, ఆవిడ ఇంకేమీ మాట్లాడకుండా, గబగబా శాలువా తీసుకుని భుజాలమీద కప్పేశారు.

కప్పి, ఫోటో కోసం దగ్గరికి లాక్కున్నారు.

ముళ్ళపందిని ఎవరైనా దగ్గరికి లాక్కుంటారా? అయితే ఆయన అంతవరకూ ఆవిడ ముళ్ళపంది అన్న సంగతే గమనించలేదు. శాలువా చీల్చుకుని ముళ్ళన్నీ ఆయన ముట్టెలో, దవడలో, చిగుళ్ళలో దిగబడ్డాయి. మైకులో ఆయన పెట్టిన కేక వాగు అవతలిదాకా వినిపించింది.

"తీయండి! ఎవరైనా తీయండి!"

వైద్యం గ్రూపు మాస్టార్లు ముందుకొచ్చి, ఆ పళ్ళను చూసి వెనక్కెళ్ళారు. ఏనుగు తొండంతో ఒకటి లాగితే అది విరిగి ఇంకా లోపలికి పోయింది. అప్పుడు ఎవరో, "ఆ పిల్ల, పైడి, దానికి తెలిసుంటుందేమో! వాళ్ళ ముళ్ళే కదా!" అన్నారు.

పైడి స్టేజీ ఎక్కింది. మకరందరావుగారి మొహం దగ్గర కూర్చుని, ఒక్కొక్క ముల్లూ జాగ్రత్తగా పరిశీలించింది. దాని కళ్ళలో కోపం లేదు. నేర్చుకోవాలన్న ఆశే ఉంది.

"తీ... తీయమ్మా..."

"నాకు రాదండి" అంది పైడి. "నొప్పి లేకుండా తీసే విద్య ఉందట. మీ కాలేజీలోనే చెబుతారట. నేను అర్జీ కూడా పెట్టానండి."

ఆ రోజు మకరందరావుగారు కార్చిన కన్నీరు మాత్రం నిజమైనదేనని అడవి అంతా ఒప్పుకుంది.

అంచేత నాయనా, మీ బీదతనాన్ని ఎంతటివాళ్ళడిగినా ఒక్కపూట కూడా అరువివ్వకండి. అది తిరిగొచ్చేసరికి మీరు షావుకార్లయిపోయుంటారు.