ముగియని మొదటి పీరియడ్

చివరి పరీక్షాపాఠం నాటి ఉదయం ఛాత్రోపాధ్యాయిని పథకం సుస్పష్టంగా ఉంది. మొదటి పీరియడ్‌లో డిజిటల్ బోర్డు మీద నీడల పాఠం చెప్పడం, పరీక్షాధికారి చేత పాస్ అనిపించుకోవడం, ఉపాధ్యాయినిగా ఇల్లు చేరడం. బోర్డు వాడనివారికి ఉత్తీర్ణత లేదన్నది శిక్షణ కళాశాల శాసనం. తరగతిలో సాంకేతికతను గురించి ఆమె రాసిన వ్యాసం అప్పటికే అధికారి సంచిలో ఉంది.

"బోర్డు గురువుకి మూడో కన్ను అని రాశావుగా. ఆ కన్ను నువ్వెప్పుడైనా చూశావా?" అంది అక్క, పళ్ళెం ముందు పెడుతూ.

"రాయడానికి చూడాలా ఏంటక్కా? అందరూ అలాగే రాశారు."

"సరేలే. కోపం మాత్రం ఇంట్లో వదిలి వెళ్ళవే, మిరపకాయా."

"నాకు కోపమెక్కడిది!" అని ఆమె తలుపు వేసిన తీరుకు గోడ మీది అద్దం వణికింది.

తరగతిలో బోర్డు దుప్పటి కప్పుకొని, నడుముకు తాడు బిగించుకొని ఉంది. పక్కనే ప్రధానోపాధ్యాయులు ద్వారపాలకునిలా నిలిచి ఉన్నారు.

"వాడుకోమ్మా, నాకేం అభ్యంతరం? ముట్టుకోకూడదు, అంతే."

"ముట్టుకోకుండా ఎలా వాడతారండీ?"

"రిమోట్ ఉందిగా! దుప్పటి కింది ప్లాస్టిక్ కాగితం కూడా తీయకు. కొన్ననాటి నుంచి ఒక్క గీత పడనివ్వలేదు నేను."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే కాబోలని ఆమె పళ్ళు కొరికింది. ఇనుప బీరువాలోంచి అటెండరు తెచ్చిన రిమోట్‌లో బ్యాటరీలు లేవు. కారిపోతాయని ఎప్పుడో తీయించేశారట. కొత్తవి కావాలంటే పైకి రాయాలట. ఆమె చూసిన చూపుకు అటెండరు నిలువునా ఎండిపోయాడు. వెళ్ళి, ప్రధానోపాధ్యాయుల గది గడియారంలోని బ్యాటరీలు తెచ్చి రిమోట్‌లో వేశాడు. క్షణాల్లో మళ్ళీ పెట్టేయవచ్చుననుకొని ఎవరికీ చెప్పలేదు. ఆ బడిలో గంట కొట్టేది ఆ గడియారాన్ని చూసే.

ప్రధానోపాధ్యాయులు తాడు విప్పి దుప్పటి తీశారు. బోర్డు వెలిగింది. 'అప్‌డేట్ జరుగుతోంది. ఆపవద్దు' అన్న అక్షరాల కింద ఒక చక్రం తిరగసాగింది.

వెనక బెంచీ మీద కూర్చున్న పరీక్షాధికారి వ్యాసం తీశాడు. "'మీట నొక్కిన క్షణంలో విశ్వమంతా తరగతిలోకి నడిచి వస్తుంది' అన్నావు. ఎంతవరకొచ్చిందమ్మా, గేటు దాటిందా?"

పిల్లలు పకపకా నవ్వారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఈలోగా నోటితో మొదలుపెట్టనా సార్?"

"బోర్డు లేకుండా మొదలుపెడితే ఫెయిల్. గంట కొట్టేలోగా మొదలవ్వకపోయినా ఫెయిలే. మళ్ళీ వచ్చే ఏడు రా."

చక్రం తిరుగుతూనే ఉంది. గంట మాత్రం మోగలేదు. నియమపరుడైన అధికారి గంట మోగనిదే లేచేవాడు కాడు. గడ్డం గుండెకానించి కునుకు తీశాడు. బయట వ్యాయామం పిల్లలు ఆగమనేవారు లేక పరుగెడుతూనే ఉన్నారు. లెక్కల మాస్టారు తెచ్చుకున్న లెక్కలన్నీ అయిపోయి, చేతి గడియారం ఊపుకుంటూ వచ్చారు.

"సార్, టైమెంతయిందో చూడండి!"

"మీ వాచీ మీ ఇంటికండీ. బడికి నా గడియారమే. వెళ్ళి చూసుకోండి, ఇంకా మొదటి పీరియడే!" అని ప్రధానోపాధ్యాయులు గర్జించారు. "ఈ క్లాసుకి బోర్డు ముసుగు తీశానని ఓర్వలేక ఇన్ని నాటకాలా!"

"ఎవడిక్కావాలండీ మీ బోర్డు!" అని మాస్టారు గర్జించారు. ఆ గర్జనకు అధికారి ఉలిక్కిపడి లేచి, "పాఠం మొదలైందా?" అన్నాడు.

అంతటితో ఛాత్రోపాధ్యాయిని సహనం తెగిపోయింది. రిమోట్ బల్ల మీద విసిరికొట్టింది.

"ఫెయిల్ చేసుకోండి సార్! మీ చేతిలోని వ్యాసం పచ్చి అబద్ధం. ఈ బోర్డుని నేను చూడటమే ఇవాళ మొదలు. పిల్లలూ, పదండి బయటికి!"

మూలనున్న, పటాలు తగిలించే కర్ర తీసుకొని ఆవరణలోకి నడిచి, దానిని నేలలో కసిగా పాతింది. పిల్లలతోపాటు పెద్దలూ వెంట వచ్చారు.

"పొద్దున వరసలో నిల్చున్నప్పుడు మన నీడలు ఎటు పడ్డాయి?"

"గోడ వైపు!"

"ఈ కర్ర నీడ ఇప్పుడెటు ఉంది?"

"గేటు వైపు!"

"ఎందుకు?"

పిల్లలు తలలెత్తి సూర్యుణ్ణి, దించి నీడను చూశారు. రెండు జడల పిల్ల ఒకతె అరిచింది. "సూర్యుడు నడినెత్తి దాటి అటు దిగిపోయాడు టీచర్! అంటే మధ్యాహ్నం అయిపోయింది. మా అన్నం గంట ఎవరు మింగేశారు?"

"అన్నం గంట!" అని తరగతంతా భగ్గుమంది. పరుగెత్తి పరుగెత్తి సొమ్మసిల్లిన వ్యాయామం పిల్లలు కూడా గొంతు కలిపారు. ప్రధానోపాధ్యాయులు గదిలోకి పరుగెత్తి గడియారం తిప్పి చూసి, అటెండరును పిలిచిన పిలుపు వీధి చివరిదాకా వినబడింది. అటెండరు బాకీ పడ్డ గంటలన్నీ ఒక్కసారే కొట్టేశాడు.

అధికారి ఆకలితో కడుపు పట్టుకొని ఆ నీడ వంకే చాలాసేపు చూశాడు. తరువాత వ్యాసం ఆమె చేతిలో పెట్టాడు. "గంట కొట్టకముందే పాఠం మొదలైంది, లోపల బోర్డు వెలుగుతూనే ఉంది. నియమం ప్రకారం పాస్. ఇది మాత్రం మళ్ళీ రాయి. ఈసారి చూసి రాయి."

ఆమె కోపంలో సగం దిగింది. ఖాళీ తరగతిలో అప్‌డేట్ ముగిసిన బోర్డు బెంచీలకు స్వాగతం పలుకుతోంది.

ప్రధానోపాధ్యాయులు తిరిగి వచ్చి, కర్రను మెల్లగా పెకలించి, మట్టి తుడిచారు. "ఇంత పనికొచ్చే వస్తువుని ఇలా ఎండలో పాతేస్తారా! గీతలు పడవూ?"

మరునాటికి ఆ కర్ర ప్లాస్టిక్ కాగితం చుట్టుకొని, ఇనుప బీరువాలో భద్రంగా ఉంది.