మంత్రిగారే కొలబద్ద

క్యాన్సర్ నయమైన పిల్లలెవరూ ఇకపై ఏదీ మర్చిపోవడానికి వీల్లేదని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. ప్రకటించిన క్షణం నుంచే అది అమల్లోకి వచ్చేసింది. ఇంత వేగంగా పనిచేసే వైద్యం ప్రపంచంలో మరెక్కడా లేదని పక్కనే ఉన్న కార్యదర్శిగారు చప్పట్లు కొట్టి మరీ ధ్రువీకరించారు.

ఈ చారిత్రక ఘట్టాన్ని నేను దగ్గర్నుంచి చూశాను. ఆ భాగ్యం అందరికీ దక్కేది కాదు. మా అక్క కూతురికి బ్లడ్ క్యాన్సర్ వచ్చి తగ్గింది కాబట్టి నాకు దక్కింది.

మా మేనకోడల్ని ఇంట్లో పిచ్చుక అంటాం. మందుల కోర్సు పూర్తయ్యాక దానికి జుట్టు తిరిగొచ్చింది, బుగ్గలు తిరిగొచ్చాయి, అల్లరైతే వడ్డీతో సహా తిరిగొచ్చింది. వేగం మాత్రం రాలేదు. "చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, పుస్తకం పట్టుకురా" అంటే చెప్పులు విప్పి, తర్వాతేమిటా అని గుమ్మంలోనే నిలబడిపోతుంది. పరీక్షలో సగం రాసేసరికి గంట కొట్టేస్తారు. రాసిన సగంలో తప్పుండదు. క్లాసు టీచరు మాత్రం దీన్ని బద్ధకమని తేల్చేశారు.

ఆస్పత్రిలో సైకాలజిస్టు మేడమ్ అలా అనలేదు.

"బద్ధకం కాదండీ. ఆ జబ్బుకిచ్చే మందులు కొంతమంది పిల్లల్లో ఆలోచన వేగాన్ని తగ్గిస్తాయి. తెలివెక్కడికీ పోదు, బయటికి రావడానికే టైం పడుతుంది. పరీక్ష చేసి చూస్తాను. ఇబ్బంది ఉందని తేలితే స్కూల్లో ఎక్స్‌ట్రా టైం ఇవ్వాలి. అది రూలు."

"అంటే మా పిల్ల మొద్దు కాదుగా?" అంది అక్క.

"మొద్దా? ఇందాకట్నుంచి నా టేబుల్ మీదున్న ప్రతి వస్తువూ ఎందుకని అడుగుతోంది. నేనే జవాబులు చెప్పలేకపోతున్నాను."

సరిగ్గా పిచ్చుకకు పరీక్ష ఉన్న రోజే, ఆ పరీక్షల కోసం కొత్తగా పెట్టిన గదిని ప్రారంభించడానికి మంత్రిగారు వచ్చారు. గది అంటే, నిన్నటిదాకా విరిగిన స్ట్రెచర్లు పడేసిన చోటు. ఇప్పుడొక టేబులు, కుర్చీలు, ఎరుపు తెలుపు రంగుల చెక్క ఘనాలున్న డబ్బా పెట్టారు. రిబ్బన్ కత్తిరించగానే మంత్రిగారు పిచ్చుక కుర్చీలో కూర్చున్నారు.

"ముందు పరీక్ష నాకు పెట్టండి. పిల్లలకు భయం పోవాలి."

ఇలాంటి త్యాగం ఏ నాయకుడు చేస్తాడు? కెమెరాలు ముందుకు జరిగాయి.

"సార్, నేను చెప్పిన అంకెల్ని మీరు వెనక నుంచి చెప్పాలి. ఏడు, రెండు, తొమ్మిది."

మంత్రిగారు చిరునవ్వు నవ్వారు. "మేడమ్, మా ప్రభుత్వం ముందుకే పోతుంది. వెనక్కెళ్ళే ప్రసక్తే లేదు."

చప్పట్లు మోగాయి. మేడమ్ సున్నా వేశారు.

"ఒక నిమిషంలో మీకు తోచినన్ని జంతువుల పేర్లు చెప్పండి."

"సింహం," అని ఆగిపోయారు మంత్రిగారు.

"ఇంకా?"

"సింహం చెప్పాక ఇంకెవర్ని చెప్తారు మేడమ్? ప్రోటోకాల్ ఉంటుంది," అన్నారు కార్యదర్శిగారు.

ఆఖర్న ఘనాలు. బొమ్మ చూసి, అలాగే పేర్చాలి. మంత్రిగారు ఒక ఘనం తీసి టేబుల్ మీద పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన లేచి నిలబడి దండం పెట్టేశారు.

"సార్, మిగతావి?"

"ఇది శంకుస్థాపన. మిగతావి దశలవారీగా పూర్తవుతాయి."

తర్వాత పిచ్చుక కూర్చుంది. ఒక ఘనం తిప్పింది, చూసింది, మళ్ళీ తిప్పింది. ఈలోగా మంత్రిగారు టీ తాగారు, ఫోన్‌లో ఇద్దర్ని కేకలేశారు. చివరికి పిచ్చుక పేర్చిన బొమ్మ అచ్చు నమూనాలాగే ఉంది. అంకెల్నీ వెనక నుంచి తప్పు లేకుండా అప్పజెప్పింది.

"పాప అన్నీ కరెక్టుగా చేసింది. వేగమే తక్కువ. తనకి ఎక్స్‌ట్రా టైం కావాలి," అన్నారు మేడమ్.

"మరి మంత్రిగారికి?" అన్నాడో విలేఖరి.

మేడమ్ ఇబ్బందిగా కదిలారు. "కెమెరాల ముందు ఎవరైనా తడబడతారు. ఇంకోసారి చేద్దాం."

కార్యదర్శిగారు ఆవిణ్ణి వరండాలోకి తీసుకుపోయారు. నేను అక్కడే మంచినీళ్ళు పట్టుకుంటున్నాను కాబట్టి ఒక మేధావి ఆలోచన పుట్టడం కళ్ళారా చూడగలిగాను.

"మేడమ్, 'మామూలు' అంటే ఎంత?"

"చాలామంది ఎంత చేస్తారో చూసి నిపుణులు ఒక గీత పెడతారండీ."

"ఆ గీత మీద మంత్రిగారి సంతకం ఉందా?"

"గీత మీద సంతకమేమిటండీ?"

"అయితే అది అనధికార గీత. 'నేను మామూలు మనిషిని' అని మంత్రిగారు ఎన్నికల్లో వీధి వీధినా చెప్పారు. జనం భారీ మెజారిటీతో ఒప్పుకున్నారు. అందుకని ఆయన ఎంత చేస్తే అదే మామూలు. ఆయన కన్నా కింద ఉంటే లోపం, పైన ఉంటే ప్రతిభ."

"అలాగైతే ఒక్క పిల్లకైనా ఇబ్బంది ఉన్నట్టు తేలదు కదండీ!"

"చూశారా, మీకూ అర్థమైపోయింది!"

వారం తిరక్కుండా ఆ ఆస్పత్రిలో పిల్లలందరూ మేధావులైపోయారు. పరీక్ష మధ్యలో నిద్రపోయిన చంటివాడు కూడా మంత్రిగారితో సమానంగా నిలిచాడు. మంత్రిగారి ఆఫీసు నుంచి అక్కకు ఫోనొచ్చింది.

"అభినందనలమ్మా! మీ పాపది అసాధారణ ప్రతిభ. సన్మానానికి రండి."

"ప్రతిభ సంగతి తర్వాత, నాయనా. పరీక్షలు దగ్గరకొచ్చాయి. ఆ ఎక్స్‌ట్రా టైం ఇప్పించండి."

"మేధావులకు టైమెందుకమ్మా?" అని ఫోన్ పెట్టేశారు.

సన్మాన సభకు హాలు నిండిపోయింది. ఇంతటి మేధావిని తయారుచేసినందుకు స్కూలుకో షీల్డు ఇచ్చారు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని క్లాసు టీచరు ముందు వరసలో అయోమయంగా కూర్చున్నారు. పిల్లల్లో లోపమన్నదే లేకుండా చేసిన తొలి ప్రభుత్వం తమదేనని మంత్రిగారు చెప్పి, పిచ్చుకను వేదిక మీదికి పిలిచారు.

"చెప్పు పాపా! నీ జబ్బు తగ్గించిందెవరు?"

అంటూ మైకు దాని నోటి దగ్గర పెట్టి, ఇంకో చేతి వేలితో తన గుండెనే చూపించుకున్నారు.

పిచ్చుక కళ్ళు పైకెత్తి ఆలోచించడం మొదలుపెట్టింది. మంత్రిగారు "మం..." అని అందించారు. కార్యదర్శిగారు "త్రి..." అని పూర్తి చేశారు. పిచ్చుక ఆలోచిస్తూనే ఉంది. కెమెరామన్ చెయ్యి మార్చుకున్నాడు.

"ఆనందంతో పాపకు నోట మాట రావడం లేదు!" అని మంత్రిగారు మైకు లాక్కున్నారు. చప్పట్ల మధ్య కార్లు కదిలిపోయాయి.

హాలు ఖాళీ అయింది. లైట్లు సగం ఆర్పేశారు. కుర్చీలు ఒకదాని మీదొకటి ఎక్కిస్తున్నారు. అక్కా నేనూ మెట్ల దగ్గర నుంచి పిలుస్తున్నా, పిచ్చుక మాత్రం వేదిక మీద అలాగే నిలబడి ఉంది. టీచరు దాని దగ్గరికెళ్ళారు.

"ఇంకా ఇక్కడే ఉన్నావేంటమ్మా?"

"ఆలోచిస్తున్నా టీచర్. మంత్రిగారు అడిగారు కదా."

టీచరు షీల్డు పక్కన పెట్టి, వేదిక అంచున కూర్చున్నారు. "సరే, ఆలోచించు. నాకేం తొందర లేదు."

చాలాసేపటికి పిచ్చుక మొదలుపెట్టింది. "పెద్ద డాక్టరుగారు. సూది గుచ్చే ముందు పాట పాడే నర్సక్క. నేను వాంతి చేసుకుంటే కసురుకోకుండా తుడిచే ఆయమ్మ. రక్తమిచ్చి కళ్ళు తిరిగి పడిపోయిన మావయ్య. అమ్మ."

ఆగింది. మొహం చిన్నబుచ్చుకుంది.

"ఇంకొకరున్నారు టీచర్. మంత్రిగారు తననే చూపించుకున్నారు కదా. ఆయనెప్పుడొచ్చారో, నాకేం చేశారో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు." దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా మతిమరుపు ఇంకా తగ్గలేదా?"