హన్నమ్మ స్తోత్రం చెప్పని మునగాకు

బహుధాన్య నామ సంవత్సరమున, ధాత, ఈశ్వర వత్సరముల కరువు మనుషులను నమిలి ఉమ్మి వెళ్లిన పిమ్మట, ఉదయగిరి దుర్గచ్ఛాయ ఆత్మకూరు బాటపైకి పాకుచున్న సాయంసంధ్యవేళ, ఒక పూరిపాక రణరంగమున ఇద్దరు మహావీరులు ఎదురెదురుగా కూర్చున్నారు.

ఒకరు కరువుదానవమర్దిని లిదియమ్మ, నిన్నగాక మొన్న బాప్తిస్మం పొందిన అవ్వ. రెండవవారు ఆమె మనుమరాలు హన్నమ్మ, ఆరేళ్ల అజేయ, సర్వశాకద్వేషిణి. ఏడాది పేరు బహుధాన్యమైనా ఆ వీరబాల గొంతు దాటగల భాగ్యం రాగిసంగటికి ఒక్కదానికే!

పణం చిన్నది కాదు. పొద్దుగుంకితే హన్నమ్మకు చూపు ఆనదు. రేచీకటి. నిన్ననే గడప తట్టుకుని మోకాలు చీల్చుకుంది. మునగాకు తింటే చూపు వస్తుందని అవ్వ నమ్మకం.

కాని బాల చేతిలో దివ్యాస్త్రముంది. దాన్ని ఇచ్చింది అవ్వే! స్తోత్రం చెప్పనిది నోట పెట్టరాదని, కొత్త భక్తి ఉత్సాహంలో ఆమె ఇంట శాసనం చేసింది. హన్నమ్మ కన్నులు మూసి మేఘగంభీరస్వరంతో పలికింది:

"ప్రభువా, సంగటికి స్తోత్రం. ఉప్పుకి స్తోత్రం. ఆమేన్."

"మునగాకు కూర మరిచిపోయినావేందే?"

"మరవలేదవ్వా. ఇష్టం లేకుండా స్తోత్రం చెప్తే అబద్ధం గదా."

పొరుగింటి శీనమ్మ దడి మీదుగా శంఖం పూరించింది: "కరువులో కలబంద గడ్డలు గూడా దొరకలా. ఇప్పుడు మీ దొరసానికి మునగాకు గిట్టదంటనా!"

"ఆ కరువులోనే ఆకులన్నీ తినేసినా గదత్తా," అంది హన్నమ్మ. "నా వంతు అయిపోయింది."

శీనమ్మ శంఖం చంకన పెట్టుకుని ఇంట్లోకి నడిచింది. అవ్వ గుండెలో బల్లెం దిగింది. అయినా యుద్ధం యుద్ధమే.

మరునాటి సంధ్యవేళ పళ్లెంలో కూర లేదు. నల్లకొండ వంటి సంగటి ముద్ద ఒక్కటే ఉంది. మసకచూపు బాల దాన్ని చుట్టూ తడిమి, శత్రువు లేడని నిర్ధారించుకుంది.

"ఈ ముద్దకి స్తోత్రం. ఆమేన్!"

కొరికింది. ఆగింది. ముద్ద గర్భమున మునగాకు సేన పొంచి ఉంది!

"మోసం! లోపల ఆకుండాది!"

"ముద్దకి స్తోత్రం చెప్పినావా లేదా?"

"చెప్పినా..."

"ముద్దంటే పై తోలు ఒకటేనా? దేవుడికిచ్చిన మాట వెనక్కి లాక్కుంటావా?"

ధర్మపాశబద్ధ అయిన హన్నమ్మ, విషపానానికి సిద్ధపడిన వీరుని వలె దవడలు బిగించి మింగింది. మింగి, భీషణప్రతిజ్ఞ చేసింది: "రేపు ముద్ద విరిచి, లోపల చూసినాకనే స్తోత్రం!"

"చూద్దువులే. ఈ మసకలో ముద్ద లోపల చూడాలంటే కండ్లు కనపడాల గదా. దానికోసరం ఇంకో కబళం తిను."

హన్నమ్మ, పగ తీర్చుకోవడానికే, నోరు తెరిచింది.

ఓ దిక్పాలకులారా, వినండి! ఆ సంధ్యవేళ రెండు మునగాకులు హన్నమ్మ కంఠదుర్గమును దాటి విజయధ్వజమెత్తినవి. మూడవది పళ్లసందున చిక్కి ఇంకా పోరాడుచున్నది.