ఆయమ్మలకు తెల్లకోట్లు

లాల్‌దర్వాజాలో సూర్యప్రభ నడిపే క్రెష్‌లో పిల్లలు నలుగురే. ఇంకొందరు చేరకపోతే వచ్చే నెల తాళం వేయాల్సిందే. బ్యాంకులో పనిచేసే హరిచందన ఆ ఉదయం కొడుకు వేదాంత్‌ను తీసుకుని చూడటానికి వస్తానంది. ఆవిడకు నచ్చితే ఆఫీసులో మిగతా తల్లులూ తమ పిల్లల్ని పంపుతారు. అందుకే సూర్యప్రభ ఆయమ్మలు అమీనాకూ, సత్తెమ్మకూ తెల్లకోట్లు కుట్టించింది.

"పనిల జర ప్రొఫెషనల్‌గ కనబడాలె అమీనా!"

"కనబడొచ్చు మేడం. కానీ పిల్లలు ముక్కు తుడ్సుకునేది నా దుపట్టాకే. గీ కోటేంది, గరగరమంటుంది?"

సూర్యప్రభ వింటేగా!

ఆ పిల్లలకు మొన్ననే టీకాలు వేయించారు. కోట్లు తొడుక్కుని ఆయమ్మలు గదిలో అడుగుపెట్టగానే నలుగురూ "సూదీ!" అంటూ ఇల్లెగిరిపోయేలా ఏడుపు లంకించుకున్నారు. బుజ్జగిద్దామని సత్తెమ్మ వంగితే వాళ్లలో మాజ్ అనేవాడు మంచం కిందికి దూరాడు.

ఆ గోల విని పక్కింటి అనంతపద్మనాభం గారు కిటికీలోంచి తొంగిచూశారు. తెల్లకోట్లు, ఏడ్చే పిల్లలు. ఇంకేం కావాలి? ఉచిత వైద్య శిబిరమని గల్లీ అంతా చాటివచ్చి, చొక్కా చేయి మడిచి, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయన వెనక మోకాళ్ల నొప్పులవాళ్లు, దగ్గులవాళ్లు, చంటిపిల్లల తల్లులు బారులు తీరారు.

"క్యాంపు కాదు బాపూ!" సూర్యప్రభ మొత్తుకుంది.

"గట్లంటే ఎట్లమ్మా? ముందు నా బీపీ చూడుండ్రి, తర్వాత బంద్ చేసుకోండ్రి."

సరిగ్గా అప్పుడే హరిచందన ఆటో దిగింది. కోట్లు కంటబడగానే వేదాంత్ కూడా రాగం అందుకున్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది, ఇక క్రెష్ మూతపడ్డట్టేననుకుంది సూర్యప్రభ.

అమీనా ఎవరినీ అడగలేదు. కోటు విప్పి అవతల పడేసి, ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత దుపట్టా చాపింది. "రా బేటా, సూది లేదు, గీదీ లేదు." వేదాంత్ అందులో మొహం దాచుకుని, సుబ్బరంగా ముక్కు తుడుచుకుని, ఏడుపు ఆపాడు. మాజ్ మంచం కింద నుంచి వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. అమీనా మీద సూర్యప్రభకు అంత ప్రేమ ఎన్నడూ కలగలేదు.

హరిచందన ఆశ్చర్యంగా చూసింది. "వీడు కొత్తోళ్ల దగ్గరికి అస్సలు పోడండీ! రేపట్నుంచే పంపిస్త, మా ఆఫీసోళ్లకు గూడ చెప్త. కానీ బయట ఇంత లైనుంది, సీటు దొరుకుతదా?"

"నా వెనక నిలబడమ్మా," అన్నారు అనంతపద్మనాభం గారు.

వారం తిరక్కుండా పాతబడ్డ నూలు బట్టలే ఆయమ్మల యూనిఫాం అయ్యాయి. తెల్లకోట్లు సత్తెమ్మ తమ్ముడికి చేరాయి; ధూల్‌పేట్‌లో వినాయకుడి విగ్రహాలకు రంగులేసేటప్పుడు తొడుక్కుంటున్నాడు. అనంతపద్మనాభం గారి బీపీ ఎంతో మాత్రం ఇప్పటికీ తేలలేదు.