పారదర్శకమైన అట్టపెట్టె

"ఇకమీదట మా శాఖలో ఏ పెట్టె అయినా సరే, ప్రజల కళ్ళముందు తప్ప తెరుచుకోదు!"

ఆరోగ్య శాఖ మంత్రిగారు ఈ మాట అనగానే విలేకరుల సమావేశంలో చప్పట్లు మోగాయి. కొట్టింది విలేకరులు కాదు, వాళ్ళ చేతుల్లో ఫోన్లున్నాయి. మంత్రిగారి వెనక నిలబడినవాళ్ళు కొట్టారు. వాళ్ళ చేతులు ఎప్పుడూ ఖాళీయే. పారదర్శకతను గత ప్రభుత్వాలన్నీ నోటితో సరిపెట్టాయనీ, తాను మాత్రం దాన్ని కత్తెరదాకా తెచ్చాననీ మంత్రిగారు సెలవిచ్చారు.

ఇంత గొప్ప ఆలోచన ఊరికే పుట్టలేదు. అంతకుముందు మంత్రిగారు ఒక నర్సింగ్ కాలేజీ ప్రారంభిస్తే ఆ వీడియోను ఆయన చుట్టాలు మాత్రమే చూశారు. వాళ్ళలోనూ కొందరు సగంలో లేచిపోయారు. అదే వారంలో ఎవరో బహుమతిగా ఇచ్చిన కొత్త ఫోన్‌ని మంత్రిగారు పెట్టెలోంచి తీస్తుంటే మేనల్లుడు వీడియో తీశాడు. దాన్ని లక్షలమంది చూశారు.

"మామయ్యా, కిటుకు దొరికింది. లోపలున్న వస్తువుతో జనానికి పనిలేదు. తెరవడం చూడాలి, అంతే. దీన్ని అన్‌బాక్సింగ్ అంటారు" అన్నాడు మేనల్లుడు.

మేనల్లుడు ఆ శాఖకి డిజిటల్ సలహాదారు. అంతకుముందు ఆ పదవి లేదు. అతను ఇంట్లో ఖాళీగా ఉండడం చూడలేక ప్రభుత్వమే దాన్ని సృష్టించింది.

సరిగ్గా ఆ ప్రకటన వెలువడిన రోజునే ఒక పట్టణంలోని పెద్దాసుపత్రికి కొత్త ఎక్స్‌రే మిషన్ దిగింది. మనిషెత్తు అట్టపెట్టె. నాలుగు వైపులా మంత్రిగారి నవ్వు. నవ్వు కింద 'ప్రజల సమక్షంలో మాత్రమే తెరవవలెను' అని ఎర్ర అక్షరాలు.

ఆ ఆసుపత్రి సూపరింటెండెంటు నెమ్మదస్తుడు. పై నుంచి వచ్చిన కవరుని కూడా అంచు చిరగకుండా ఆవిరి పట్టి విప్పే రకం. పాత ఎక్స్‌రే మిషన్ ఎప్పుడో కాలం చేసింది. దాని గదిలో ఇప్పుడు బకెట్లు, చీపుళ్ళు ఉంటున్నాయి. ఎముకలు విరిగినవాళ్ళని ఆయన "ఎక్కడ నొప్పి?" అని అడిగి, వాళ్ళు చూపించిన చోట కట్టు కట్టించి పంపేవాడు. కొత్త పెట్టెని చూడగానే ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఎర్ర అక్షరాలు చదవగానే ఆరిపోయాయి.

"తలుపులో పట్టట్లేదు సార్, పెట్టె విప్పితేగానీ లోపలికి పోదు" అన్నాడు ఎక్స్‌రే తీసే ఆయన.

"విప్పడానికి మనమెవరం? నడవాలోనే ఉంచండి."

నడవాలో సగం పెట్టె, సగం జనం అయ్యారు. స్ట్రెచర్లు పక్కకి ఒరిగి వెళ్ళేవి.

మూడోనాడు సూపరింటెండెంటుగారి అక్క తమ్ముడికి భోజనం తెచ్చింది. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఆయనకి నెత్తి మీద నాలుగు వెంట్రుకలు మిగిలినా, ఆవిడ దృష్టిలో ఇంకా పసివాడే. నడవాలో మలుపు తిరుగుతుంటే పెట్టె కింది చెక్కకి కాలు తగిలి, క్యారియర్ ఒకవైపు, ఆవిడ ఒకవైపు పడ్డారు. క్యారియర్‌కి ఏమీ కాలేదు. ఆవిడ కుడి మణికట్టు మాత్రం చూస్తుండగానే పొంగింది.

సూపరింటెండెంటు పరుగున వచ్చి చెయ్యి పట్టుకు చూశాడు.

"విరిగిందో బెణికిందో ఎక్స్‌రే తీస్తేగానీ తెలీదక్కా."

"తియ్యరా మరి."

"మిషన్ పెట్టెలో ఉంది."

"పెట్టె ఎక్కడుంది?"

"నువ్వు ఆనుకుని కూర్చున్నది అదే."

అక్క వెనక్కి తిరిగి మంత్రిగారి నవ్వుని ఎగాదిగా చూసింది. "అయితే విప్పు."

"విప్పకూడదక్కా. ప్రజల సమక్షంలోనే విప్పాలి."

"వీళ్ళెవర్రా, పశువులా?" అంది, బెంచీల మీద కూర్చున్నవాళ్ళని చూపిస్తూ.

"వీళ్ళు కాదు. ఆన్‌లైన్ ప్రజలు."

బయట ప్రైవేటు సెంటర్‌లో తీయిద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. "నన్ను పడేసింది ఈ పెట్టె. నా ఫొటో కూడా ఇదే తీయాలి" అని మర్నాటి నుంచీ చెయ్యి గుడ్డలో వేలాడేసుకుని, పెట్టెకి ఎదురుగా కుర్చీ వేసుకు కూర్చుంది. ఆవిడ ధైర్యం చూసి కాలు విరిగిన తాపీమేస్త్రీ ఒకడు, భుజం జారిన డ్రైవరొకడు వచ్చి పక్కన చేరారు. నాలుగు రోజులకి అదొక వరస అయింది.

సూపరింటెండెంటు రోజూ మేనల్లుడికి ఫోన్ చేసేవాడు. మొదటిసారి పెట్టుకున్న ముహూర్తానికి ఒక సినిమా నటుడి పెళ్ళి అడ్డొచ్చింది. ఆ రోజు ఆన్‌లైన్‌లో జనం చూపంతా అటే ఉంటుంది, మన పెట్టెని ఎవరు చూస్తారన్నాడు మేనల్లుడు. రెండోసారి మబ్బు పట్టింది.

"మబ్బుకీ ఎముకకీ ఏం సంబంధం బాబూ?" అన్నాడు సూపరింటెండెంటు, బతిమాలుతూ.

"ఎముకకి కాదు సార్, మామయ్య రంగుకి."

చివరికి ఎండ కాసిన ఒక ఉదయం మంత్రిగారు వేంచేశారు. ముందు దీపాలొచ్చాయి, తర్వాత కెమెరాలొచ్చాయి, ఆ తర్వాత మంత్రిగారి ముఖానికి పౌడరొచ్చింది. మంత్రిగారు కత్తెర పట్టుకుని, టేపు కత్తిరించి, అట్ట పక్కకి లాగి లోపలికి తొంగిచూశారు.

"కట్!" అన్నాడు మేనల్లుడు. "మామయ్యా, ముఖంలో ఆశ్చర్యం లేదు."

"లోపల ఏముందో నాకు తెలుసు కదరా. ఆశ్చర్యం ఎక్కడినుంచి వస్తుంది?"

"మన ఆఫీసులో పెట్టిన ఫైలు చెప్పిన రోజుకి కదిలిందనుకోండి. అప్పుడు మీకెలా ఉంటుంది? ఆ ముఖం పెట్టండి."

మంత్రిగారు కళ్ళు మూసుకుని ఎంతో ప్రయత్నించారు. "ఊహకి అందట్లేదురా" అన్నారు చివరికి, నిజాయితీగా. ఆ నిజాయితీకి వెనకవాళ్ళు చప్పట్లు కొట్టారు.

పెట్టెకి మళ్ళీ టేపు వేశారు. మళ్ళీ తెరిచారు. ఆశ్చర్యం ఎక్కువైతే భయంలా కనిపించింది, తగ్గిస్తే ఆవలింతలా వచ్చింది. ఇక లాభం లేదని మేనల్లుడు చుట్టూ చూశాడు. "పేషెంటొకరు కావాలి. బాగా విరిగి, చూడ్డానికి పెద్దమనిషిలా ఉండాలి."

అందరి కళ్ళూ అక్క మీద పడ్డాయి.

"తర్వాత తీస్తారా ఎక్స్‌రే?" అని అడిగింది అక్క.

"దానికోసమే కదమ్మా ఇదంతా" అన్నారు మంత్రిగారు కరుణతో, ఆవిడ కుడిచేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని.

అక్క పెట్టిన కేకకి వార్డులో నిద్రపోతున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. మంత్రిగారు అదిరిపడి నోరు తెరిచారు.

"సూపర్! ఆశ్చర్యం వచ్చేసింది! సౌండ్ కూడా క్లియర్‌గా ఉంది!" అని గంతులేశాడు మేనల్లుడు.

అంతే. దీపాలు ఆరాయి. మంత్రిగారు కారెక్కారు. అప్పటిదాకా మిషన్‌ని పెట్టెలోంచి బయటికి తీయనేలేదు, ముందువైపు అట్ట ఒక్కటే తెరిచారు. మేనల్లుడు వెళ్ళబోతూ ఆ అట్టని జాగ్రత్తగా మూసి, దుమ్ము దులిపాడు.

"సార్, పెట్టె నలగకుండా చూడండి. టేపు మాత్రం వేయించి ఉంచండి. రేపు సాయంత్రం వ్యాన్ వస్తుంది. ఇంకా తొమ్మిది ఆసుపత్రులున్నాయి."

సూపరింటెండెంటు అతని వెనకే రెండడుగులు నడిచాడు. "మరి... మా సంగతి?"

"మీది అయిపోయింది కదా సార్. అప్పుడే రెండు లక్షలమంది చూసేశారు."

ఇంటికొచ్చాక ఆయనకి అన్నం సయించలేదు. అక్కతో నిజం చెప్పలేక, "రేపు తీస్తారటక్కా" అన్నాడు. పొద్దున లేచేసరికి అక్క అద్దం ముందు నిలబడి ఎడమచేత్తో తల దువ్వుకోవాలని తంటాలు పడుతోంది. దువ్వెన రెండుసార్లు జారి కిందపడింది. మూడోసారి వంగి తీసుకుని, తమ్ముడు చూస్తున్నాడని గమనించి, "ఏముందిరా, కొత్త చెయ్యి కదా, అలవాటవుతుంది" అని నవ్వింది. చిన్నప్పుడు బడికి పంపే ముందు తన క్రాపు దువ్విన కుడిచెయ్యి గుడ్డలో పడి ఉంది. వేళ్ళు వాచి కమిలాయి. ఆయన చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

ఆసుపత్రికి వెళ్ళినవాడు తన గదిలోకి పోలేదు. తిన్నగా ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళి ఒక కత్తి తెచ్చాడు. నడవాలో పెట్టె ముందు నిలబడ్డాడు. సర్వీసంతా ఒక్క కాగితం చించి ఎరగని మనిషి. కళ్ళు మూసుకుని, మంత్రిగారి నవ్వుకి సరిగ్గా నడుమ గుచ్చి, కిందిదాకా సర్రున లాగాడు.

బెంచీల మీది జనం లేచి నిలబడ్డారు. హెడ్ నర్సు పరుగెత్తుకొచ్చింది. "సార్, ఏంటిది?"

"పెట్టె లేకపోతే ఎలా పట్టుకెళ్తారో చూస్తాను. నువ్వు అటువైపు పట్టుకో."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, కొంగు దోపుకుని అటువైపు పట్టుకుంది. తాపీమేస్త్రీ ఒంటికాలి మీద వచ్చి కింది చెక్కలు పీకాడు. ఎక్స్‌రే తీసే ఆయన బకెట్లూ చీపుళ్ళూ బయటికి విసిరేసి మిషన్‌ని లోపలికి తోసుకుపోయాడు. స్విచ్చి వేస్తే అది ఒకసారి గురగురలాడి, పచ్చదీపం వెలిగించింది. అందరూ నోళ్ళు తెరిచి చూశారు. ఆ ఆశ్చర్యాన్ని ఎవరూ వీడియో తీయలేదు.

అక్కకి కబురు వెళ్ళింది. ఫిల్మ్‌లో మణికట్టు దగ్గర సన్నటి పగులు తేలింది.

"విరిగిందక్కా."

"హమ్మయ్య. ఇన్నాళ్ళూ ఊరికే నొప్పి పుడుతోందేమో అనుకున్నా" అంది అక్క.

సిమెంటు కట్టు వేసే మనిషి రావడానికి ఆలస్యమవుతుందని, అప్పటికి ఒక అట్టముక్క దన్నుగా పెట్టి గుడ్డ చుట్టారు. ఆ ముక్క మీద మంత్రిగారి పళ్ళు అరవరస ఉన్నాయి.

సాయంత్రం వ్యాన్ వచ్చింది. మేనల్లుడు దిగి, నడవాలో ఖాళీ చోటు చూసి, ఆ తర్వాత అక్క చేతికున్న మామయ్య నవ్వు చూసి తల పట్టుకున్నాడు.

సూపరింటెండెంటు ఎక్స్‌రే గది గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. మాట తడబడుతున్నా వెనక్కి తగ్గలేదు. "మిషన్‌ని తీసుకెళ్ళనివ్వను బాబూ. నన్ను ఏ మూలకి బదిలీ చేసినా సరే."

"మిషన్ ఎవరిక్కావాలి సార్!" అని ఏడుపు గొంతుతో అన్నాడు మేనల్లుడు. "పెట్టె ఏది? నేను దగ్గరుండి డిజైన్ చేయించిన పెట్టె! ఆ ఇనుము మీరే ఉంచుకోండి. ఈ వ్యాన్ దాని బరువు మోయను కూడా మోయదు."

సూపరింటెండెంటు చాపిన చేతుల్ని ఏం చేయాలో తెలియక కాసేపు అలాగే ఉంచేశాడు.

మర్నాడు ఆయనకి మెమో వచ్చింది. ప్రభుత్వ అట్టపెట్టెను ధ్వంసం చేసి ప్రజల్లో పారదర్శకతను దెబ్బతీసినందుకు సంజాయిషీ ఇవ్వాలి. ఆయన ఎప్పటిలాగే అంచు చిరగకుండా విప్పి, చదివి, ఎక్స్‌రే గదికి వెళ్ళాడు. బయట వరస గుమ్మం దాటి మెట్లదాకా ఉంది. సంజాయిషీ రాసే తీరిక దొరకలేదు.

మంత్రిగారి కార్యక్రమం మాత్రం ఆగలేదు. ఎక్కడినుంచో ఫ్రిజ్ పెట్టె ఒకటి తెచ్చి, పైన కొత్త నవ్వు అంటించారు. పక్క జిల్లా ఆసుపత్రిలో మంత్రిగారు దాన్ని తెరుస్తుంటే ఇక్కడి వరసలోని వాళ్ళందరూ ఫోన్లలో చూశారు. అట్ట పక్కకి జరిగింది. కెమెరా మంత్రిగారి ముఖం మీదే నిలిచింది. ఈసారి ఆశ్చర్యం మొదటి టేక్‌లోనే వచ్చింది.

"అరచేతిలో వైకుంఠం అంటే ఇదేరా" అంది అక్క, ఎడమచేత్తో లైకు కొడుతూ.

"నువ్వెందుకక్కా కొడతావు?"

"పాపం, కష్టపడుతున్నాడు కదా!"

అంతలో సూపరింటెండెంటు ఫోన్ మోగింది. చేసింది ఆ పక్క జిల్లా సూపరింటెండెంటే. వెనక ఇంకా చప్పట్లు వినిపిస్తున్నాయి. ఆయన ఎవరూ వినకూడదన్నట్టు గొంతు బాగా తగ్గించాడు.

"సార్, మీ పెట్టెలో మిషన్ ఉందటగా? నిజంగానే, లోపల?"

"ఉందండీ."

అవతల ఆయన గొంతు ఇంకా తగ్గించాడు.

"అబ్బ! ఎవరిచేత సిఫార్సు చేయించారు సార్?"