కొంగ మాస్టారు, పదిహేడో పేజీ

ఒక పెద్ద అడవిలో ఫోను సిగ్నల్ వచ్చాక చదువులన్నీ ఆన్‌లైనుకెక్కాయి. కొంగ మాస్టారికి అంతకన్నా ఏం కావాలి? వాగు ఒడ్డున ఒంటికాలి మీద నిలబడి, ‘వరదొస్తే గుట్టెక్కే దారి’ అనే కోర్సు చెప్పేవారు. విద్యార్థులు కెమెరాలు ఆపుకునేవారు, ఆయన కళ్లు మూసుకునేవారు. ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇంతలో విద్యామండలి నుంచి ఉత్తర్వు దిగింది. ఇకపై విద్యార్థులు గ్రూపులుగా కలిసి పనిచేయాలి. నెల తర్వాత తనిఖీ. చేయించలేని మాస్టార్లు ఇంటికే.

పాఠాలు మానేసి, ఈ వయసులో రోజంతా చేపల కోసం కాపు కాయడం మాస్టారి వల్ల అయ్యే పని కాదు.

గ్రూపులు ఎలా నడపాలో చెప్పే పుస్తకం కూడా ఉత్తర్వుతో వచ్చింది. అట్ట మీద ఏడుగురు రచయితలు. మూడో పేరు మాస్టారిదే! నిజానికి అదంతా రాసింది సాలీడు మాస్టారు ఒక్కరే. ఆయన పోయినేడు రిటైరయ్యారు. మిగతా ఆరుగురూ ఫోనులో బొటనవేలి బొమ్మ పెట్టి రచయితలయ్యారు. కొంగ మాస్టారు తన పేరు రెండుసార్లు చదువుకుని, పుస్తకం తెరవకుండానే పక్కన పెట్టేశారు.

కోతి, నక్క, ఎలుగుబంటి, చిలుక, చిట్టెమ్మ అనే చీమ ఒక గ్రూపు. వరదొస్తే ఎవరు ఎటు వెళ్లాలో పటం గీయాలి.

“గ్రూపులో ఎన్ని మెసేజులుంటే అంత సహకారం! సగం మార్కులు వాటికే” అని ప్రకటించి, మాస్టారు తన తెలివికి తానే మురిసిపోయారు.

ఇక చూడండి. “అందర్నీ కలుపుకుపోయే బాధ్యత నాది” అంది కోతి. “అట్టా, అట్ట మీద పేర్లూ నావి” అంది నక్క. “మా గుహలో సిగ్నల్ లేదు” అని ఎలుగుబంటి రోజుకు నలభై మెసేజులు పెట్టింది. అన్నిటికీ చిలుక “సూపర్!” అంది.

చిట్టెమ్మ అడవంతా కాలినడకన తిరిగి పటం గీసింది. మెసేజులు పెట్టే తీరిక దానికి దొరకలేదు. నలుగురికీ తొంభై అయిదు మార్కులొచ్చాయి, చిట్టెమ్మకు నలభై అయిదు.

చిట్టెమ్మ ఫోను చేసింది. “మాస్టారూ, పటం గీసింది నేనండీ.”

“కాదన్నానా తల్లీ? కానీ నువ్వు నలుగురితో కలవడం లేదు.”

“మీరెప్పుడైనా గ్రూపులో పనిచేశారాండీ?”

“చేయకేం! ఏడుగురం కలిసి పుస్తకమే రాశాం!”

“అందులో మీరు రాసింది ఏ పేజీ అండీ?”

“క్లాసుకు టైమవుతోందమ్మా” అని మాస్టారు ఫోను పెట్టేశారు. చాలా సిగ్గేసింది. ఆ సిగ్గు మధ్యాహ్నం భోజనం దాకా ఉంది. చిట్టెమ్మ మాత్రం ఆ రోజే కోర్సు మానేసింది.

తనిఖీ రోజు ఏనుగు ఇన్‌స్పెక్టర్ తెర మీదకొచ్చారు. “పటం బ్రహ్మాండంగా ఉంది. ఎవరైనా వివరించండి.”

“నక్కగారు వివరిస్తారండి” అంది కోతి. “ఎలుగుబంటిగారికి బాగా తెలుసండి” అంది నక్క. ఎలుగుబంటికి సిగ్నల్ పోయింది.

“పోనీ మాస్టారూ, ఈ మెసేజుల మార్కులేమిటి? పదిహేడో పేజీలో ఏముంది? మీరు రాసిన పుస్తకమేగా!”

“హలో... సార్... వినపడటం లేదు... కట్టవుతోంది...” అంటూ మాస్టారు కెమెరా ఆపేశారు.

“సూపర్!” అంది చిలుక.

ఏనుగే పైకి చదివారు. “మెసేజులు లెక్కపెట్టి మార్కులు వేయరాదు. ఎవరు ఏ పని చేశారో అడిగి తెలుసుకోవాలి.”

చీకటి తెర వెనక మాస్టారికి ప్రతి ముక్కా వినపడింది.

పటం గీసిందెవరో ఏనుగు అడిగి తెలుసుకున్నారు. కోర్సు చిట్టెమ్మ చేతికి వెళ్లింది. మాస్టారికి ఉద్యోగం తిరిగి కావాలంటే ఆ కోర్సులో చేరి, గ్రూపులో పనిచేసి, పాసవ్వాలి. ఆయన గ్రూపులో మిగతా అయిదుగురూ ఎవరో కాదు, ఆ పుస్తకానికి బొటనవేలి బొమ్మ పెట్టిన రచయితలే.

మూడు రోజులు గ్రూపు నిండా శుభోదయాలే. పటం మాత్రం మొదలు కాలేదు. గడువు రేపటికొచ్చేసింది. ఎవరైనా గీస్తారేమోనని మాస్టారు చివరిదాకా చూశారు. ఇక లాభం లేదని, ఎన్నో ఏళ్ల తర్వాత రెండో కాలు కూడా కింద పెట్టి, అడవంతా తిరిగి ఒక్కరే గీశారు.

వెంటనే బాతు మాస్టారి మెసేజు వచ్చింది. “అట్ట నేను చేశాను. మీ పేరు మూడోది వేశాను, అలవాటేగా!”

కింద నాలుగు బొటనవేళ్లు పడ్డాయి.

నీతి: ఆరుగురు కలిసి పూనుకుంటే, ఒక్కరు చేయలేని పనంటూ ఉండదు.